బాడుగ విరమణము – రెండు శాసనముల వైరుధ్య చరిత్ర

ఉపోద్ఘాతము

మన మహాసభల సంచికలయందు మన పూర్వుల దానధర్మములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు వ్యాసములు తఱచుగా వెలువడుచున్నవి. ఆ ధర్మములు నిత్యము దేని యాధారమున నడచుచున్నవో విచారించువారు కొందఱే. ఒక దాత తన మేడను సంఘమునకు వ్రాసి యిచ్చును; మఱియొక దాత బజారులోని నాలుగు కొట్లను ధారపోయును. ఆ కొట్ల బాడుగయే పేద విద్యార్థుల యన్నము. అవసరము వచ్చినప్పు డా కొట్టు ధర్మమునకు తిరిగి లభించునా, లభించినచో నెన్ని యేండ్లకు, ఏ న్యాయస్థానము ద్వారమున లభించును అను ప్రశ్నలకు జవాబు తెలియక మన సంస్థలు నష్టపడినవి.

మే మెఱిగిన యొక ధర్మసంస్థ కథ చెప్పెదము. వసతిగృహము నానుకొని యున్న యొక కొట్టును విడిపించి దానిని భోజనశాలగా మార్చవలెనని ధర్మకర్త సంకల్పించెను. ఆయన మొదట సివిలు కోర్టున దావా వేసెను. ఇది రెంటు కంట్రోలరు వద్దకు పోవలసిన వ్యవహార మని యచ్చట త్రోసివేసిరి. కంట్రోలరు నొద్దకు పోగా, పంపిన నోటీసు బాడుగ నెల చివరి దినముతో ముగియలేదు గావున నది చెల్లదని ప్రతివాది వకీలు వాదించెను. ఒక కోర్టునుండి మఱియొక కోర్టునకు కాగితములు తిరుగుచుండగా నేండ్లు గడచెను, ధర్మకర్త గతించెను, భోజనశాల కట్టబడలేదు. ఇందు బాడుగదారుని దోషమని మేమనము. అతడును కుటుంబి, ఆ కొట్టే యతని జీవనము. దోషము వేఱొకచోట నున్నది. ఒక్క బాడుగను ముగించుటకు రెండు ప్రభుత్వముల శాసనములు రెండు విధములుగా విధించుటచే నీ చిక్కు గలిగెను. ఆ చిక్కు పుట్టిన విధమును, కొంతవఱకు విడిన విధమును, నేటికిని విడువని ముడులను మేమిట వివరింప బూనినారము.

1882 నాటి శాసనము

ఆస్తి బదిలీ శాసనము 1882 సంవత్సరపు 4వ చట్టము. అది యా సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. దాని యయిదవ అధ్యాయము కౌళ్లకును బాడుగలకును సంబంధించినది. వ్యవసాయపు కౌళ్లకు సామాన్యముగా నిది వర్తింపదని 117వ సెక్షను చెప్పుచున్నది. బాడుగ యే యే విధముల ముగియునో 111వ సెక్షను ఎనిమిది విధములుగా లెక్కించెను. గడువు తీఱుట, ఉభయుల యంగీకారమున వదలుకొనుట, షరతు తప్పినందున హక్కు కోల్పోవుట, ఖాళీ చేయుమని యిచ్చిన నోటీసు గడువు ముగియుట మున్నగునవి యందు గలవు.

106వ సెక్షను మన కథకు మూలము. వ్రాతలేని సామాన్యపు ఇంటి బాడుగ నెలనెల బాడుగగా నెంచబడును. దానిని ముగింప దలచినవారు పదునైదు దినముల నోటీసు నీయవలెను. మొదటి పాఠము ననుసరించి యా నోటీసు బాడుగ నెల యంతముతోనే ముగియవలెను. నెల యేనాడు మొదలైనదో సరిగా తెలియక ఒక దినము తప్పినచో దావా యంతయు నీటి పాలగుచుండెను. ఎన్ని ధర్మసంస్థల వ్యాజ్యము లీ యొక్క దినముచే పోయినవో! పూర్వకాలపు కొట్ల బాడుగలు నోటిమాటపై నడచినవి గదా. నెల మొదటి తేదీయా, పండుగనాడు తాళపుచెవి యిచ్చిన తేదీయా యని సాక్షులు కొట్టుకొనుచుండిరి.

ఈ శాసనపు తత్త్వ మేమనగా: ఇల్లు యజమానిది; ఒడంబడిక యిరువురిది; ఒడంబడిక క్రమముగా ముగిసినచో ఇల్లు యజమానికి చేరవలెను. కారణము చెప్ప నక్కఱలేదు. ఇండ్లు చాలినన్ని యున్న కాలమున నిది న్యాయముగానే తోచెను.

యుద్ధములు – రాష్ట్ర శాసనములు

మొదటి ప్రపంచ యుద్ధము పట్టణముల ముఖము మార్చెను. జనము పెరిగెను, కట్టడము లాగెను, బాడుగలు చుక్కల నంటెను. బొంబాయిలో 1918లోను, కలకత్తాలో 1920లోను బాడుగలను నియమించు శాసనములు పుట్టెను. 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టము అధికారములను పంచుచు భూమిని, భూస్వామి కౌలుదారుల సంబంధమును రాష్ట్రముల జాబితాలో నుంచెను. వ్యవసాయభూమి గాక తక్కిన యాస్తి బదిలీని, ఒడంబడికలను ఉమ్మడి జాబితాలో నుంచెను. ఇంటి బాడుగ భూమి సంబంధమా, ఆస్తి బదిలీయా? ఈ ప్రశ్న యందే వైరుధ్యమునకు బీజము గలదు.

రెండవ యుద్ధము మన తెలుగుదేశమునకు సమీపించెను. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసినవి. చెన్నపట్టణమునుండి జనము గుంపులుగా వెడలిపోయిరి. భయము తీఱగానే తిరిగి వచ్చిరి. ఇండ్లకు కరవు వచ్చెను. మద్రాసు ప్రభుత్వమువారు యుద్ధకాలపు అధికారముల క్రింద 1941లో నివాసగృహములకును, 1942లో వ్యాపార కట్టడములకును బాడుగ నియమించు ఉత్తరువులు చేసిరి. యుద్ధము ముగిసినను కరవు తీఱలేదు. కావున 1946లో 15వ చట్టమును, దాని స్థానమున 1949లో 25వ చట్టమును చేసిరి. నిజాము రాష్ట్రమునను ఫసలీ 1353లో ఇంటి బాడుగల యుత్తరువు వెలువడెను. తరువాత 1954లో హైదరాబాదు శాసనసభ ప్రత్యేక చట్టము చేసెను.

ఈ శాసనముల తత్త్వము 1882 శాసనపు తత్త్వమునకు తలక్రిందు. ఇక్కడ గడువు తీఱినంత మాత్రమున బాడుగదారు వెడలిపోడు. బాడుగ బుద్ధిపూర్వకముగా ఎగవేసెను, అనుమతిలేక ఇతరునకు బాడుగ కిచ్చెను, కట్టడమును పాడుచేసెను, యజమాని హక్కునే కాదనెను, యజమానికి స్వంత వినియోగమునకు నిజముగా నవసరమయ్యెను అనునట్టి కారణములలో నేదైన నొకటి రుజువు కావలెను. ఆ రుజువు సివిలు కోర్టున గాక రెంటు కంట్రోలరు నెదుట జరుగవలెను.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. కొన్ని సంవత్సరములు ఒకే రాష్ట్రమున ఆంధ్రప్రాంతమునకు మద్రాసు చట్టము, తెలంగాణమునకు హైదరాబాదు చట్టము నడచినవి. 1960 సంవత్సరపు 15వ చట్టము రెంటిని కలిపి ఒకటి చేసెను. బెజవాడలో కొట్టును, హైదరాబాదులో కొట్టును గల మన వర్తకునకు అప్పటికి గదా యొక్క ధర్మము లభించినది! బాడుగ కట్టుటలో నాలస్యము బుద్ధిపూర్వకము కానిచో, పదునైదు దినములకు మించని గడువిచ్చి బాకీ కట్టించుకొని బాడుగదారుని నిలుపవచ్చునని యా చట్టము దయ చూపెను.

ముప్పది యేండ్ల సందేహము

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. రాష్ట్ర చట్టము చెప్పిన కారణ మున్నది. యజమాని రెంటు కంట్రోలరు నొద్దకు పోవుచున్నాడు. అంతకు ముందు కేంద్ర శాసనపు 106వ సెక్షను ప్రకారము ఖాళీ నోటీసు కూడ నీయవలెనా?

మద్రాసు హైకోర్టు 1949లోనే అక్కఱలేదని చెప్పెను. రాష్ట్ర చట్టము తనకు తానై సంపూర్ణమైన విధానమును గలిగియున్నదని వారి యభిప్రాయము. ఇతర హైకోర్టులలో కొన్ని యవశ్యమనెను. సుప్రీంకోర్టువారు 1963, 1967 సంవత్సరముల న్యాయనివేదికలలో ప్రకటితమైన తీర్పులయందు నోటీసు కావలెననియే పలికిరి. వారి వాదము త్రోసివేయదగినది కాదు. రాష్ట్ర చట్టము బాడుగదారునకు అదనపు కవచము. ఆ కవచము తొడిగినంత మాత్రమున పాత కవచము తీసివేయబడదు. మొదట ఒడంబడిక ముగియవలెను. పిమ్మట కారణము రుజువు కావలెను. రెండు ద్వారములును దాటినవాడే యింటిలో ప్రవేశింపగలడు.

ఒక ప్రాంతమున నొక విధముగాను, వేఱొక ప్రాంతమున వేఱొక విధముగాను తీర్పులు వచ్చుటచే మన వకీళ్లు జాగ్రత్తకొఱకు రెండు నోటీసులు, మూడు నోటీసులు పంపించుచుండిరి. నిజముగా బాడుగ ఎగవేసినవాడు తేదీ తప్పు చూపి కొట్టు నిలుపుకొనెను. క్రమముగా బాడుగ కట్టుచున్న నెమ్మదిపరుడు నోటీసు చూచి భయపడి వెడలిపోయెను. సందేహము ధూర్తునకు ఆయుధము, సాధువునకు శూల మయ్యెను.

1979 ఆగస్టు 23వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసన మీ ప్రశ్నను తేల్చెను. వ్యాజ్యము తమిళదేశమునుండి వచ్చినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఉంట్వాలియా. వారి యుక్తి సులభమైనది. నోటీసు గడువు ముగిసినను రాష్ట్ర చట్టము క్రింద బాడుగదారు బాడుగదారుగనే యుండును. చట్టము చెప్పిన కారణము రుజువై ఉత్తరువు వచ్చిన పిమ్మటనే యతని హక్కు పోవును. అట్లయినచో మొదటి నోటీసువలన ముగిసిన దేమి? ఏమియు లేదు. ఫలములేని కర్మను ధర్మమని విధింప నేల? కావున రాష్ట్ర చట్టము క్రింద ఖాళీ కోరువాడు 106వ సెక్షను నోటీసు నీయ నక్కఱలేదని తీర్మానించిరి. ముప్పది యేండ్ల క్రితము మద్రాసు హైకోర్టు చెప్పిన మాటయే తుదకు నిలిచెను.

రాజ్యాంగము దృష్టితో చూచినను నిది సమంజసము. ఉమ్మడి జాబితాలోని విషయమున కేంద్ర శాసనమునకు విరుద్ధముగా రాష్ట్రము చేసిన చట్టము రాష్ట్రపతి యామోదము పొందినచో నా రాష్ట్రమున నదియే నిలుచునని 254వ అధికరణము చెప్పుచున్నది.

ముడి విడినచోట మఱియొక ముడి

ఇంతటితో చరిత్ర ముగిసిన దని తలపరాదు. నోటీసు విషయము తేలినది. కాని యే కట్టడ మే శాసనము క్రిందికి వచ్చునన్న ప్రశ్న యొక్కొక్కచోట నొక్కొక్క రూపమున తల యెత్తెను. వానిలో మన వారికి మిక్కిలి యుపయోగకరములైన వానిని మాత్రము చెప్పెదము.

మొదటిది కట్టడపు వయస్సును, బాడుగ మొత్తమును. 1960 చట్టపు 32వ సెక్షను 1957 ఆగస్టు 26వ తేదీన గాని, యటు తరువాత గాని కట్టిన యిండ్లను చట్టమునుండి మినహాయించెను. క్రొత్త యిండ్లు కట్టువారిని ప్రోత్సహించుటయే యుద్దేశము. కాని యిరువదియాఱేండ్లు గడచిన తరువాతను ఒకే వీథిలో పాత యింటి బాడుగదారునకు రక్ష, ప్రక్కింటి బాడుగదారునకు రక్షలేమి! సుప్రీంకోర్టు 1983 అక్టోబరులో ఆ మినహాయింపు సమానత్వమునకు విరుద్ధమని కొట్టివేసెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే ప్రభుత్వము పదేండ్లలోపు కట్టడములను, నెలకు 1000 రూపాయలు మించిన బాడుగ గలవానిని మినహాయించుచు ఉత్తరువు చేసెను. 2005లో చట్టమును సవరించి నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3500 రూపాయలు, తక్కిన ప్రదేశములలో 2000 రూపాయలు మించిన బాడుగలను, పదునైదేండ్లలోపు కట్టడములను తొలగించిరి.

దీని ఫలమేమి? ఆ మొత్తమునకు మించిన బాడుగలకు రెంటు కంట్రోలరు లేకపోయెను. సివిలు కోర్టు మాత్ర ముండెను. 1882 నాటి 106వ సెక్షను నోటీసు తిరిగి వచ్చెను. బజారులలో నేడు కొట్ల బాడుగ లెంత హెచ్చినవో యెఱిగినవారికి ఇం దెన్ని కొట్లు పడినవో వేఱుగ చెప్ప నక్కఱలేదు. కావున 1979 తీర్పు వినిన ధర్మకర్త నోటీసు లేకయే ముందునకు పోయినచో మోసపోవును. ఒక శుభము గలదు. 2002 డిసెంబరు 31నుండి అమలైన సవరణముచే, నోటీసులో చూపిన గడువు తక్కువైనను, దావా వేయునాటికి పదునైదు దినములు గడచియున్నచో నోటీసు చెడిపోదు. ఎన్నియో సంస్థలను ముంచిన ఒక దినపు తప్పు ఇట్లు నూట యిరువది యేండ్లకు క్షమింపబడెను.

రెండవది కంటోన్మెంటు. సైనిక స్థావరములలోని గృహవసతి నియమనము, బాడుగల నియమనముతో సహా, పార్లమెంటునకే చెందిన యధికారమని సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పెను. రాష్ట్రపు బాడుగ చట్టమును కంటోన్మెంటునకు వర్తింపజేయవలెనన్నచో కేంద్రప్రభుత్వమువారు 1957 నాటి కేంద్రచట్టము క్రింద ప్రకటన చేయవలెను. సికిందరాబాదు కంటోన్మెంటులో మనవారి కొట్లును ఇండ్లును గలవు. హద్దురాయి కీవల నొక ప్రభుత్వపు మాట, ఆవల నొక ప్రభుత్వపు మాట యని వారు గుర్తింపవలెను.

మూడవది ప్రభుత్వ సంస్థల కట్టడములు. 1956లో జీవిత భీమా, 1969లో పెద్ద బ్యాంకులు జాతీయములైనవి. వాని కట్టడములలో బాడుగకున్నవారిని బాడుగ చట్టము రక్షించునా, 1971 నాటి ప్రభుత్వ కట్టడముల ఖాళీ చట్టము వెడలించునా? ఢిల్లీ వ్యాజ్యమున నయిదుగురు న్యాయమూర్తులు 1990లో ఖాళీ చట్టమునకే పై చేయి యిచ్చిరి.

నాల్గవది మన వర్తకులు మిక్కిలి జాగరూకులై వినవలసినది. యజమాని కట్టడమును బ్యాంకునకు తాకట్టు పెట్టి ఋణము తీర్చలేడు. బ్యాంకు 2002 నాటి కేంద్రచట్టముచే కట్టడమును స్వాధీనపఱచుకొన వచ్చును. లోపలనున్న బాడుగదారుని గతి యేమి? కేంద్రచట్టము రాష్ట్రపు బాడుగ చట్టమును మ్రింగివేయజాలదని సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పి బాడుగదారుని కాచెను. కాని 2019లో ముగ్గురు న్యాయమూర్తులు ఆ రక్షకు హద్దు గీచిరి. సంవత్సరమునకు మించిన బాడుగకు రిజిస్టరు పత్రము లేనివాడు, నోటిమాటను నమ్మియున్నవాడు, సంవత్సరమునకు మించి నిలువజాలడు. తాతలనాటినుండి నమ్మకముపై నడచు కొట్ల కిది పిడుగువంటి వార్త.

ధర్మసంస్థల మాట

చెన్నపట్టణమునందలి తెలుగువారి సత్రములును ధర్మములును మన కందఱకు నెఱుక. తమిళనాడు ప్రభుత్వము 1976లో హిందూ, క్రైస్తవ, మహమ్మదీయ సార్వజనిక మతధర్మముల కట్టడములను, సార్వజనిక దాతృసంస్థల కట్టడములను బాడుగ చట్టమునుండి మినహాయించెను. స్వల్పపు బాడుగలకు లొంగి ధర్మములు క్షీణించుచున్న వనుట దానికి హేతువు. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1985 నాటి నివేదికలలో ప్రకటితమైన తీర్పున నిలువబెట్టెను. ధర్మమునకు మేలు కలిగెను. కాని యా కట్టడములలోని చిన్న వర్తకునకు రాష్ట్రపు కవచము పోయెను. పాత కేంద్ర శాసనము మాత్రమే మిగిలెను.

ఇందులకు ఎదురుగా 1985లోనే అయిదుగురు న్యాయమూర్తులు ఢిల్లీ వ్యాజ్యమున మఱియొక ధర్మము చెప్పిరి. ఒడంబడిక ముగిసి చట్టబలముననే కొట్టు నడపుచున్న బాడుగదారు మరణించినను వ్యాపారపు బాడుగహక్కు అతని వారసులకు చెందును. యజమాని యది యన్యాయ మనును. కొట్టునకు పేరు తెచ్చినవాడు తండ్రి గదా యని కొడుకనును. మే మీ యిరువురిలో నెవరిని నిందింపజాలము; ఏలయన నీ మహాసభలో నా యిరువురును ప్రక్కప్రక్కనే కూర్చుండి యున్నారు.

ఉపసంహారము

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసిన నీతి యొక్కటి. కేంద్ర శాసనము ఒడంబడికను చూచును. రాష్ట్ర శాసనము మనుష్యుని యవసరమును చూచును. రెండు చూపులును సత్యములే. ఒక కన్ను తెఱచినప్పుడు రెండవది మూయుట న్యాయస్థానముల పని యయ్యెను. ఆ పని ముగియుటకు ముప్పదియేండ్లు పట్టెను. ముగిసిన తరువాతను ఏ కట్టడ మే కంటి యెదుటికి వచ్చునో సంవత్సర సంవత్సరము మాఱుచునే యున్నది. 2021 జూనులో కేంద్రప్రభుత్వమువారు మాదిరి బాడుగ చట్టమును తయారుచేసి రాష్ట్రముల కంపిరే గాని తామే యమలు చేయలేదు; ఇది రాష్ట్రములు నిర్ణయింపవలసిన విషయమని కదా దాని యర్థము!

మన సంఘమువారు చేయదగిన పను లెవ్వి? సంఘపు కట్టడము లన్నిటికి నొక పట్టిక వ్రాయించవలెను. అందు కట్టడము పూర్తియైన తేదీ, బాడుగ మొత్తము, బాడుగ నెల ప్రారంభించు దినము, ఏ హద్దులో నున్నదను విషయము, తాకట్టు గలదో లేదో స్పష్టముగా నుండవలెను. సంవత్సరమునకు మించిన బాడుగలను రిజిస్టరు చేయించుకొనవలెను. బాడుగకున్న మన సోదరులును అట్లే తమ పత్రములను, రశీదులను భద్రపఱచుకొనవలెను. ఖాళీ కోరుటకు పూర్వము ఉభయులను పిలిపించి పెద్దలయెదుట మాటలాడించు సంప్రదాయమును మన సంఘము పునరుద్ధరించినచో, పై నుదాహరించిన తీర్పులలో సగము మన కక్కఱయే యుండదు.

కట్టబడని యా భోజనశాలను తలంచుకొని మేమీ వ్యాసమును వ్రాసినారము. దానము చేసినవాని సంకల్పము నెఱవేఱుటయు, కొట్టు నమ్ముకొన్నవాని కుటుంబము వీథి పాలు కాకుండుటయు రెండును మనకు కావలసినవే. ఈ రెంటిని సాధించు బుద్ధిని భగవంతుడు మన మహాసభవారికి ప్రసాదించు గాక యని ప్రార్థించి విరమించుచున్నాము.